నడక తగ్గింది, ఊపిరి తగ్గలేదు: ఒక ఫైబ్రోసిస్ రోగి, ఆయన చైనీస్ కషాయం

ఈ కేసు రాయడానికి రోగి, ఆయన కూతురు ఇద్దరూ అనుమతి ఇచ్చారు. వారిని గుర్తుపట్టే వీలు లేకుండా కుటుంబ వివరాలు, వృత్తి మార్చాను. నేను సింగపూర్‌లో ఊపిరితిత్తుల వైద్యుడిగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే పెద్దవయసు చైనీస్ రోగుల్లో చాలామందికి రెండు వైద్యాలు పక్కపక్కనే నడుస్తుంటాయి. ఒకటి ఆసుపత్రిది, మరొకటి వీధి చివర మూలికల దుకాణంలో నాడి, నాలుక చూసి కాగితపు పొట్లాలు కట్టి ఇచ్చే వైద్యం. ఇక్కడ చైనీస్ వైద్యులు చట్టప్రకారం రిజిస్టర్ అయి ఉంటారు, వారిది చాటుమాటు వృత్తి కాదు. ఈ కేసులో అసలు పాత్ర వహించిన వేరు మన తెలుగు ఇళ్లలోనూ కనిపించేదే కాబట్టి తెలుగులో రాయాలనిపించింది.

నేపథ్యం

రోగికి 70 ఏళ్లకు అటూ ఇటూ ఉంటాయి. గోదాములో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. 20 ఏళ్ల క్రితం వరకు సిగరెట్లు తాగేవారు. రక్తపోటుకు ఆమ్లోడిపిన్, హైడ్రోక్లోరోథయాజైడ్ వాడుతున్నారు. గుండెలో పాత స్టెంటు ఉంది కాబట్టి రోజూ ఆస్పిరిన్ కూడా. ఏడాదిన్నరగా పొడిదగ్గు. రోడ్డు దాటే వంతెన మెట్లు ఎక్కుతుంటే మధ్యలో ఆగవలసి వస్తోందని వచ్చారు. వేలి గోళ్లు ఉబ్బి ఉన్నాయి. వీపు కింది భాగంలో స్టెతస్కోపు పెడితే వెల్క్రో పట్టీని లాగి విడదీసినట్టు చిటపటలు. ఊపిరితిత్తులను సన్నటి పొరలుగా చూపే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల అడుగున, అంచుల వెంట తేనెపట్టు గదులు స్పష్టంగా కనిపించాయి.

పక్షులు, బూజు, దుమ్ము, పాత మందులు అన్నీ అడిగాను. హైదరాబాద్‌లో అయితే ఎయిర్ కూలర్ గురించి మొదట అడిగేవాడిని. 2017లో వెలువడిన, ఇలాంటి ఊపిరితిత్తుల జబ్బుల భారతీయ రిజిస్ట్రీలో 1084 మంది రోగుల్లో దాదాపు సగం మందికి ఉన్నది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్, అంటే పీల్చిన బూజు, దుమ్ము వంటివి పడక ఊపిరితిత్తులు వాచే జబ్బు. అందులో కూలర్ల ప్రస్తావన పదేపదే వస్తుంది. ఈయన విషయంలో అలాంటి ఆనవాలు ఏదీ దొరకలేదు. కీళ్లవాత పరీక్షలు నెగటివ్. రేడియాలజిస్టుతో కలిసి కూర్చుని ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్ అని, అంటే కారణం తెలియకుండా ఊపిరితిత్తులు మచ్చకట్టే జబ్బని నిర్ధారించాం. అప్పటికి ఎఫ్‌వీసీ (నిండుగా పీల్చి ఊదగలిగే గాలి) ఉండవలసిన దానిలో 72 శాతం, డీఎల్‌సీఓ (ఊపిరితిత్తి నుంచి రక్తంలోకి వాయువు చేరే సామర్థ్యం) 48 శాతం. ఆరు నిమిషాల నడకలో 412 మీటర్లు నడిచారు. నడక చివర ఆక్సిజన్ 86కు పడింది.

ఈ జబ్బులో మందు లేకుండా సగటు ఆయుష్షు మూడు నుంచి ఐదేళ్లు. పడిన మచ్చను చెరిపే మందు లేదు. మచ్చ పాకే వేగాన్ని తగ్గించేవి ఉన్నాయి: పిర్ఫెనిడోన్, నింటెడానిబ్. రెండూ 2014 అక్టోబరులో అమెరికాలో ఆమోదం పొందాయి. నింటెడానిబ్‌ను 1066 మందిలో 52 వారాలు పరీక్షించినప్పుడు ఎఫ్‌వీసీ తరిగే వేగం దాదాపు సగానికి తగ్గింది. విరేచనాలు మాత్రం 60 శాతం పైగా రోగులను ఇబ్బంది పెట్టాయి. ఈయనకు నింటెడానిబ్ 150 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టాను. ఆస్పిరిన్ పక్కన ఇస్తున్నాను కాబట్టి రక్తస్రావం గురించి హెచ్చరించాను.

ఆ రోజు లేస్తూ లేస్తూ కూతురు అడిగింది: "డాక్టర్, నాన్న చైనీస్ మందులు కూడా తీసుకోవచ్చా?"

"వద్దమ్మా, ఏదీ వద్దు," అన్నాను. కారణం చెప్పలేదు. ఎందుకు అడుగుతున్నారని తిరిగి అడగలేదు. బయట ఇంకా పన్నెండు మంది ఉన్నారు. ఈ కేసులో నేను చేసిన మొదటి తప్పు ఆ జవాబే. ఆ తర్వాత ఏడు నెలలు ఆ కుటుంబం మూలికల మాట నా ముందు ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి లేవనుకున్నాను.

ఏడో నెలలో వచ్చిన సమస్య

మూడో నెలకు విరేచనాలు, అరుచి, నాలుగు కిలోల బరువు తగ్గడం. మోతాదును 100 మిల్లీగ్రాములకు తగ్గించి లోపెరమైడ్ జోడించాను. కొంత కుదుటపడ్డారు. ఏడో నెలలో వచ్చినప్పుడు మాత్రం నడక 265 మీటర్లే. గదిలోకి వచ్చేటప్పుడు కుర్చీల వీపులు పట్టుకుని నడిచారు. "బలం లేదు," అన్నది ఒక్కటే ఆయన ఫిర్యాదు. హొక్కియెన్ అనే చైనీస్ భాషలో ఆయన అన్న మాటను కూతురు ఇంగ్లీషులో "ఆయాసం" అని అనువదించింది. నేను ఆయాసం అనే రాసుకున్నాను.

ఫైబ్రోసిస్ రోగి నడక ఇలా హఠాత్తుగా పడిపోతే నా మనసు వెళ్లే దారి ఒకటుంది: జబ్బు ముదిరిందా, ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ చేరిందా, ఊపిరితిత్తుల రక్తపోటు మొదలైందా, గుండె బలహీనపడిందా. ఆ వరసలోనే వెళ్లాను. సీటీ యాంజియోగ్రామ్‌లో గడ్డ లేదు, మచ్చ కూడా పెరగలేదు. ఎకోలో కుడి గుండె బాగానే ఉంది. ఎఫ్‌వీసీ 71, డీఎల్‌సీఓ 47. అంటే ఊపిరితిత్తులు ఏడు నెలల కిందట ఎలా ఉన్నాయో దాదాపు అలాగే ఉన్నాయి.

అయినా ఆ రోజు నా నోట్సులో "నింటెడానిబ్ పనిచేయడం లేదు, పిర్ఫెనిడోన్‌కు మార్చే ఆలోచన" అని రాశాను. 150 మీటర్ల నడక పోవడం కళ్లకు కనిపిస్తోంది, దాన్ని జబ్బు ఖాతాలో వేయకుండా ఉండలేకపోయాను.

నన్ను ఆపింది నడక పరీక్ష చేసిన టెక్నీషియన్ కాగితం అంచున రాసిన ఒక వాక్యం: "తొడలు పట్టు తప్పి రెండుసార్లు కూర్చున్నారు, ఆయాసం లేదన్నారు." మళ్లీ అంకెలు చూశాను. మొదటిసారి ఆక్సిజన్ 86 దాకా పడింది. ఈసారి 91 దగ్గరే ఆగింది. ఊపిరితిత్తుల వల్ల ఆగిపోయే మనిషికి ఆగే సమయానికి ఆక్సిజన్ ఇంకా కిందికి పడి ఉండాలి. ఈయనకు ఊపిరి అడ్డం పడకముందే కాళ్లు ఆగిపోయాయి.

సాయంత్రానికి రక్తపరీక్ష వచ్చింది. పొటాషియం 2.4, బాగా తక్కువ. బైకార్బొనేట్ 34, ఎక్కువ. కండరాలు దెబ్బతింటే పెరిగే సీకే నాలుగు రెట్లు. రక్తపోటు 172/96. ఈసీజీలో టీ తరంగాలు చదునై, వాటి వెనక యూ తరంగాలు లేచాయి. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చాను.

ప్రయత్నించినవి, పొరబడినవి

పొటాషియం పడిపోవడానికి కళ్లముందే రెండు కారణాలున్నాయి. ఒకటి థయాజైడ్, అంటే ఆయన రక్తపోటుకు వాడే హైడ్రోక్లోరోథయాజైడ్. నెలన్నర కిందట ఇంటి దగ్గరి క్లినిక్‌లో రక్తపోటు ఎక్కువగా ఉందని ఆ మాత్రను రెట్టింపు చేశారు. రక్తపోటు అంత హఠాత్తుగా ఎందుకు పెరిగిందన్న ప్రశ్న అక్కడా, నా దగ్గరా ఎవరూ వేయలేదు. పాదాల వాపును ఆమ్లోడిపిన్ మీదికి నెట్టేశాం. రెండోది నింటెడానిబ్ విరేచనాలు.

థయాజైడ్ ఆపి, రక్తనాళం ద్వారా పొటాషియం ఇచ్చాం. నాలుగో రోజుకు 3.4 అయింది. కాళ్లలో కొంత బలం వచ్చింది. కారణం దొరికిందన్న నమ్మకంతో ఇంటికి పంపాను. పది రోజులకు మళ్లీ 2.8.

ఆసుపత్రిలో బాగుపడి ఇంట్లో దిగజారడం దానికదే ఒక సూచన. ఆసుపత్రిలో థయాజైడ్ ఒక్కటే ఆగలేదు, ఇంట్లో తిని తాగేవన్నీ ఆగాయి. ఆ తేడాను నేను మొదట గమనించలేదు. థయాజైడ్ ఆపిన తర్వాత మెరుగయ్యారు కాబట్టి దాని వల్లే మెరుగయ్యారని అనుకున్నాను.

రెండోసారి నిదానంగా కూర్చుని ఆలోచించాను. విరేచనాల వల్ల పొటాషియం పోతే బైకార్బొనేట్ కూడా పోయి తగ్గాలి, ఈయనకు పెరిగింది. శరీరం పొటాషియాన్ని దాచుకునే ప్రయత్నంలో మూత్రంలో అది తక్కువగా ఉండాలి, ఈయన మూత్రంలో ధారాళంగా పోతోంది. థయాజైడ్ ఆగి రెండు వారాలైంది, రక్తపోటు ఇంకా 168/94. పొటాషియం మూత్రంలో పోతూ, ఉప్పు ఒంట్లో నిలుస్తూ, రక్తపోటు పెరుగుతూ ఉంటే ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్ లేదా దాని పని చేసే మరొకటి ఎక్కువైందని అర్థం. ఆల్డోస్టిరోన్, దాన్ని నడిపించే రెనిన్ పరీక్షలకు పంపాను. రెండూ అట్టడుగున ఉన్నాయి. అంటే ఆల్డోస్టిరోన్ లేకుండానే దాని పని జరుగుతోంది.

ఇక్కడ ఊపిరితిత్తుల వైద్యుడికి ఒక భయం కలగాలి. ఫైబ్రోసిస్ ఉన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువ. చిన్నకణ క్యాన్సర్, కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోన్‌ను పెంచే ఏసీటీహెచ్ తయారుచేస్తే సరిగ్గా ఇదే చిత్రం కనిపిస్తుంది. సీటీ మళ్లీ తెరిచి ప్రతి పొరా చూశాం, క్యాన్సర్ గడ్డ లేదు. ఉదయం కార్టిసాల్ మామూలుగా ఉంది. నాటు మాత్రల్లో రహస్యంగా కలిపే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మీద కూడా అనుమానం పడ్డాను. అది ఉంటే సొంత కార్టిసాల్ అణిగిపోయి ఉండేది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఒక్కటే, వైద్య విద్యార్థిగా పరీక్ష కోసం చదివి తర్వాత ఎన్నడూ చూడనిది: అతిమధురం.

సంచీ తెరిచిన రోజు

ఈసారి "మూలికలు ఏమైనా వాడుతున్నారా?" అని అడగలేదు. ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది, లేదని. "అంకుల్, రోజంతా తియ్యగా ఉండేవి ఏమేం తాగుతారు? దగ్గుకు ఇంట్లో ఏం చేసుకుంటారు?" అని అడిగాను. కూతురు అనువదించకుండా నేల వైపు చూసింది. ఆయన మాత్రం నవ్వి, చేతులతో ఫ్లాస్కు మూత తిప్పినట్టు చూపించారు.

మర్నాడు ఆమె ఒక సంచీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అందులో మూడు వేర్వేరు దారుల్లో వచ్చినవి ఉన్నాయి. మొదటిది రిజిస్టర్ అయిన చైనీస్ వైద్యురాలు ఇచ్చిన కషాయం పొట్లాలు: హ్వాంగ్‌చీ, దాన్‌షెన్, మైదోంగ్, గాన్‌జ్యాంగ్, గాన్‌త్సావ్. రెండోది దుకాణంలో కొన్న లోకాట్ పండు దగ్గు పాకం, రోజుకు ఐదారు చెంచాలు. మూడోది ఆయన చెల్లెలు తెచ్చిచ్చిన ఎండు వేరు ముక్కలు, వాటిని ఫ్లాస్కులో వేసి రోజంతా తాగుతున్నారు. ముక్క కొరికి చూశాను, అదీ గాన్‌త్సావే. గాన్‌త్సావ్ అంటే అతిమధురం, గాన్‌జ్యాంగ్ అంటే శొంఠి. దగ్గు వస్తే మా అమ్మమ్మ నా బుగ్గన పెట్టిన రుచి అదే.

కూతురి అనుమతితో ఆ వైద్యురాలికి ఫోన్ చేశాను. నింటెడానిబ్ విరేచనాలు మొదలైన మూడో నెలలోనే ఆమె దగ్గరికి వెళ్లారట. ఆమె నిదానంగా తన ఆలోచన వివరించింది. చైనీస్ వైద్యంలో ఈ జబ్బుకు దగ్గరగా వచ్చే పేరు ఫెయ్‌వెయ్, అంటే ఊపిరితిత్తి వాడిపోవడం. హాన్ యుగంలో, సుమారు 1800 ఏళ్ల కిందట, జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు చలువ చేసిన ఫెయ్‌వెయ్‌కు ఇచ్చిన కషాయంలో రెండే దినుసులు: అతిమధురం రెండు పాళ్లు, శొంఠి ఒక పాలు. కడుపు చల్లబడి విరేచనాలు అవుతున్న మనిషికి ఆమె దాన్నే ఆధారం చేసుకుంది. తాను రాసిన అతిమధురం రోజుకు 9 గ్రాములు. చైనా ఫార్మకోపియా, అంటే మందుల అధికారిక గ్రంథం ప్రకారం 2 నుంచి 10 గ్రాముల వరకు వాడవచ్చు. పాకం సంగతి, ఫ్లాస్కు సంగతి, థయాజైడ్ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు ఆమె సంగతి చెప్పనట్టే.

లెక్క ఇది. అదే ఫార్మకోపియా ప్రకారం అతిమధురంలో కనీసం 2 శాతం గ్లిసరైజిక్ ఆమ్లం ఉండాలి, ఈ ప్రభావం చూపేది అదే. 9 గ్రాముల వేరులో 180 మిల్లీగ్రాములు. నీళ్లలోకి అంతా దిగదు, అయినా 2003లో యూరోపియన్ నిపుణుల సంఘం రోజుకు 100 మిల్లీగ్రాములు దాటవద్దని చెప్పింది. ఫ్లాస్కులో పడేది మరో పది గ్రాములైనా ఉంటుంది. దాని మీద అతిమధురం కలిసిన పాకం.

మూత్రపిండంలో కార్టిసాల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైము ఒకటుంది. అది పనిచేయకపోతే కార్టిసాల్ వెళ్లి ఆల్డోస్టిరోన్ కూర్చోవలసిన చోట కూర్చుంటుంది. అతిమధురం ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. దానివల్ల రక్తపోటు పెరిగింది. పెరిగిన రక్తపోటుకు థయాజైడ్ రెట్టింపైంది. అప్పటికే పోతున్న పొటాషియాన్ని థయాజైడ్ ఇంకా తోడేసింది. ఎవరి మోతాదు వారికి సబబుగానే ఉంది. అన్నీ ఒకే శరీరంలో కలుస్తున్నాయని చూసినవారు లేరు.

పనిచేసినది

అతిమధురం మూడు దారులూ మూసేశాం. ఆపినంత మాత్రాన ఎంజైము మర్నాడే కోలుకోదు, వారాలు పట్టవచ్చు. అందుకే ఆల్డోస్టిరోన్ చోటును అడ్డుకునే స్పైరోనొలాక్టోన్ 25 మిల్లీగ్రాములు, నోటి ద్వారా పొటాషియం ఇచ్చి, వారానికి రెండుసార్లు రక్తం చూశాం. మూడో వారానికి 4.2. ఐదో వారానికి రెండూ ఆపేశాం. రక్తపోటు ఆమ్లోడిపిన్ ఒక్కదానితో 136/80. రెండు నెలలకు నడక 390 మీటర్లు. నింటెడానిబ్ ఆపలేదు, మార్చలేదు. నోట్సులో నేను రాసిన ఆ వాక్యం అమలైపోయి ఉంటే పనిచేస్తున్న మందును ఒక వేరు చేసిన తప్పుకు బలిచేసేవాళ్లం.

మిగిలిన మూలికల సంగతి తేల్చడం ఇంకా కష్టమైంది. అన్నీ మానమంటే మళ్లీ చాటుకు వెళతారు, అది ఒకసారి చూశాను. అన్నింటికీ తల ఊపడం కూడా నా వల్ల కాదు. వైద్యురాలితో రెండోసారి మాట్లాడి ఒక్కొక్కటి తీసుకున్నాం. దాన్‌షెన్ తీసేయమన్నాను. అది రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తుంది, రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారిలో రక్తస్రావాలు నమోదయ్యాయి. ఈయన ఆస్పిరిన్, నింటెడానిబ్ రెండూ వాడుతున్నారు. ఆమె వెంటనే ఒప్పుకుంది.

ఛాయ్‌హూ, హ్వాంగ్‌చిన్ అనే మూలికలు కలిసిన కషాయం ఎప్పటికీ వద్దని కోరాను. జపాన్‌లో అదే కషాయాన్ని షో-సైకో-తో పేరుతో కాలేయ జబ్బుకు విస్తృతంగా వాడేవారు. 1996లో అక్కడి ఆరోగ్యశాఖ అత్యవసర హెచ్చరిక జారీ చేసింది: అది వాడినవారిలో 88 మందికి ఇంటర్‌స్టిషియల్ న్యుమోనియా (ఊపిరితిత్తి గోడల వాపు), 10 మరణాలు. ఊపిరితిత్తులకు మంచిదని ఇచ్చే మూలికే ఊపిరితిత్తిని గాయపరచగలదని ఆమెకు తెలుసు. ఆ అంకెలు మాత్రం నా నోట విన్నానంది.

ఫాంగ్‌జీ అనే వేరు గురించి ఆమే నాకు చెప్పింది. ఆ వేరులోని టెట్రాండ్రిన్ అనే పదార్థాన్ని చైనాలో రాతిధూళి వల్ల వచ్చే సిలికోసిస్‌కు మందుగా వాడతారు. మచ్చను అడ్డుకుంటుందని పేరు. ఒకరు ఆయన చెల్లెలికి దాన్ని సిఫారసు చేశారట. ఇద్దరం వద్దనుకున్నాం. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గే మాత్రల్లో ఈ వేరు బదులు పేరు కలిసిన మరో వేరు, గ్వాంగ్‌ఫాంగ్‌జీ, చేరింది. దానిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం ఎందరో మహిళల మూత్రపిండాలను మచ్చ కట్టించి పనికిరాకుండా చేసింది.

చివరికి ఆకలి కోసం ఎండు నారింజ తొక్క, చైనా కంద, కొద్దిగా అల్లం ఉన్న చిన్న కషాయం మిగిలింది. అది తాగాక అన్నం సహిస్తోందని ఆయన అంటారు. రెండు కిలోలు పెరిగారు. అదే సమయంలో నేను నింటెడానిబ్‌ను కడుపు నిండా తిన్నాక వేసుకోమన్నాను, లోపెరమైడ్ వేళలు మార్చాను. ఏది పనిచేసిందో చెప్పలేను.

మరి ఫైబ్రోసిస్ తగ్గిందా?

కూతురు ఈ ప్రశ్న సూటిగానే అడిగింది. "కషాయం తాగినన్నాళ్లు ఎఫ్‌వీసీ నిలిచింది కదా, డాక్టర్?" నిలిచిన మాట నిజం. ఆ నెలల్లో నింటెడానిబ్ కూడా వాడారు. పైగా ఈ జబ్బు మందు లేకుండానే కొందరిలో కొన్ని నెలలు కదలకుండా ఉంటుంది. ఒక్క మనిషిలో ఒక్క గీత చూసి ఎవరికి పేరు ఇవ్వాలో తేల్చలేం. నా మందుకు కూడా అదే నియమం. దాన్ని నమ్మేది ఈయనను చూసి కాదు, ఆ 1066 మందిని చూసి.

హ్వాంగ్‌చీ, దాన్‌షెన్ వంటివాటి మీద ప్రయోగశాల పత్రాలు చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం ఊపిరితిత్తిలో మచ్చ పుట్టించడానికి బ్లియోమైసిన్ అనే మందు ఇచ్చిన ఎలుకల్లో చేసినవి. ఆ ఎలుకకు మొదటి వారం వాపు, ఆ తర్వాత మచ్చ, తర్వాత చాలాసార్లు దానంతటదే తగ్గుదల. మొదటి వారంలోనే మూలిక మొదలుపెడితే వాపు తగ్గి, మచ్చ తక్కువగా కనిపిస్తుంది. ఈయన నా దగ్గరికి వచ్చింది మచ్చ పడిన ఎన్నో ఏళ్లకు. మనుషుల మీద చేసిన చైనా పరీక్షల్లో చాలావరకు చిన్నవి, ఎవరు ఏది తీసుకుంటున్నారో అందరికీ తెలిసినవి.

దీన్ని ఒక సంప్రదాయం మీద నిందగా ఎవరూ తీసుకోవద్దని కోరుకుంటాను. మా వైద్యమే ఈ జబ్బుకు ఏళ్ల తరబడి ప్రెడ్నిసోలోన్, అజాథయోప్రిన్, ఎన్-అసిటైల్‌సిస్టీన్ కలిపి ఇచ్చింది. తర్కానికి అది బాగానే అనిపించింది. 2011లో డమ్మీ మాత్రతో పోల్చి చూస్తే ఆ మూడు మందులు తీసుకున్నవారే ఎక్కువగా చనిపోతున్నారని తేలి, ఆ భాగాన్ని మధ్యలో ఆపేశారు. అలాగే చైనా మూలిక చింగ్‌హావ్ నుంచి ఆర్టెమిసినిన్ తీసినందుకు తూ యోయోకు 2015లో నోబెల్ వచ్చింది. పాతదా కొత్తదా అన్నది చూసి కాకుండా, ఓపికగా పోల్చి చూసినందువల్లే ఆ రెండు సంగతులూ తెలిశాయి. కూతురికి ఇదంతా ఇరవై నిమిషాలు చెప్పాను. మొదటి రోజున చెప్పవలసినది అదే.

నా పనిలో మారినవి

"సంచీ తీసుకురండి" అన్న మాట ఇప్పుడు ప్రతి అపాయింట్‌మెంటు సందేశంలో ఉంటుంది. దగ్గుకు, నిద్రకు, ఆకలికి ఇంట్లో ఏం చేసుకుంటారని విడివిడిగా అడుగుతాను. నడక తగ్గితే ఎంత దూరమన్నది చూసే ముందు దేని వల్ల ఆగారన్నది, ఆగినప్పుడు ఆక్సిజన్ ఎంతన్నది చూస్తాను. రక్తపోటు కొత్తగా పెరిగిన ఫైబ్రోసిస్ రోగికి పొటాషియం చూడకుండా మాత్ర పెంచవద్దని ఇంటి దగ్గరి క్లినిక్‌లకు ఉత్తరంలో రాస్తున్నాను. అనువాదంలో "ఆయాసం" అని వినిపిస్తే, రోగిని చేత్తో చూపించమంటాను: ఛాతీనా, కాళ్లా?

తెలుగునాట వైద్యులకు ఒక్క మాట. అతిమధురం మన దగ్గు చూర్ణాల్లో, పాకాల్లో, కషాయాల్లో ఉంది. ముసలివాళ్లలో థయాజైడ్ వాడకమూ ఎక్కువే. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం తాగినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు మన వైద్యులే నివేదించారు. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ రెండూ కాలేయ ఎంజైములు పెంచగలవు. ఒక్కోసారి ఆ పెరుగుదల వంటింట్లోనిది కావచ్చు, మందు ఆపే ముందు అడగండి.

రోగికి జబ్బు నిర్ధారించి ఇప్పటికి రెండేళ్లు దాటాయి. ఎఫ్‌వీసీ 63 శాతం. నడిచేటప్పుడు ఆక్సిజన్ పెట్టుకుంటున్నారు. జబ్బు తన దారిన పోతోంది, మేం దాన్ని నెమ్మదింపజేస్తున్నామని ఆశిస్తున్నాను. ప్రతిసారీ కుర్చీలో కూర్చోకముందే సంచీ బల్ల మీద పెడతారు. గత నెల అందులో కొత్త పొట్లం ఒకటి ఉంది, దగ్గు ఎక్కువైందని ఇచ్చినది. కట్టిన కాగితం మీద చైనీస్ అక్షరాల్లో దినుసుల పేర్లు, కింద నా కోసం ఇంగ్లీషులో ఆ వైద్యురాలి చేతిరాత: "ఇందులో గాన్‌త్సావ్ లేదు." ఆ రోజు పొటాషియం 4.1.